మానుకోదగ్గ ప్రయాణాలు

మా అన్నయ్య సత్తిరాజు ప్రతి ఆదివారం తొంభై కిలోమీటర్లు బండి నడుపుకుంటూ వచ్చి మా ఇంట్లో నిద్రపోయేవాడు.

పెంచి చెప్పడం లేదు, నిజంగా అంతే. అతను సముద్రపు ఒడ్డున పడవలపేట అనే ఊళ్ళో ఐసు ఫ్యాక్టరీలో మెకానిక్కు. ఆదివారం అక్కడి పడవలు వేటకెళ్ళవు కాబట్టి ఐసుతో ఎవరికీ పని ఉండదు. పదింటికల్లా రాజమండ్రిలో మా ఇంటి ముందు బండి ఆగేది. హెల్మెట్ తీసి చెప్పుల స్టాండు మీద పెట్టి, "ఏంటే కళా" అని పలకరించి, కాళ్ళు కడుక్కుని, నేను వండింది ఏదైతే అది మాట్లాడకుండా తినేవాడు. తర్వాత హాల్లో గుమ్మం పక్కన చాప వేసుకుని పడుకునేవాడు. గురక కూడా పెట్టేవాడు. నాలుగింటికి లేచి టీ తాగి వెళ్ళిపోయేవాడు.

అతను నిద్రపోతున్నంతసేపూ నేను పక్కనే కంప్యూటరు ముందు కూచుని ఆఫీసు పని చేసుకునేదాన్ని. మధ్యమధ్యలో చిరాకేసేది. "నిద్రపోవడానికి ఇంత దూరం రావాలా అన్నయ్యా? మీ ఊళ్ళో చాపలు అమ్మరా?" అని ఎగతాళి చేసేదాన్ని. నవ్వేసేవాడు. ఎందుకొచ్చావని అడిగితే మాత్రం ఎప్పుడూ ఒకటే జవాబు. "ఊరికేనే."

నాకు ఈ లోకంలో ఉన్న మనిషి అతనొక్కడే. అమ్మా నాన్నా పోయి చాలా ఏళ్ళయింది. నేను పెళ్ళి చేసుకోలేదు. అన్నయ్య చేసుకున్నాడు గానీ, మా వదిన నాగవేణి నాలుగేళ్ళ క్రితం విషజ్వరంతో వారం రోజుల్లో పోయింది. పిల్లల్లేరు. ఆ తర్వాతే ఈ ఆదివారాలు మొదలయ్యాయి. ఇప్పుడు రావడం లేదు. మాన్పించింది నేనే. ఎలా మాన్పించానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నేను గాలి పరిశోధనశాలలో లెక్కల మనిషిని. ఆ రోజుల్లో చలికాలం నాలుగు నెలలూ మాకు గోదావరి అవతలి ఒడ్డు కనిపించేది కాదు. పొగమంచని సరిపెట్టుకున్నన్నాళ్ళు సరిపెట్టుకున్నాం. పిల్లల ఆసుపత్రిలో మంచానికిద్దరు చొప్పున పడుకుని, మూతికి గొట్టాలు పెట్టుకుని ఊపిరి తీస్తుంటే అది మంచు కాదని ఒప్పుకోక తప్పింది కాదు. పెట్రోలు ధర పెంచితే పొగ తగ్గుతుందన్నారు. ఒకసారి కాదు, మూడుసార్లు పెంచారు. కార్లున్నవాళ్ళు తిట్టుకుంటూనే తిరిగారు. కూరగాయల ఆటోవాడు తిరగడం మానేశాడు. కరెంటు బండ్లు కొనగలిగినవాళ్ళు కొన్నారు, మిగతావాళ్ళకి పాత బండ్లే దిక్కయ్యాయి. పొగ అలాగే ఉంది, కూరల ధర మాత్రం చెట్టెక్కి కూచుంది.

మా డైరెక్టరు ఫణీంద్ర గారు అప్పుడన్నారు, "అందరికీ ఒకే ధర పెట్టడంలోనే తప్పుంది. ధర లీటరుకి కాదు, ప్రయాణానికి పెట్టాలి. మానుకుంటే ఎవరికీ నష్టం లేని ప్రయాణానికే పెరగాలి" అని. ఆయన పూణేలో పుట్టి పెరిగిన మనిషి. మంచివాడు. ఆ పిల్లల వార్డుకి వారానికోసారి వెళ్ళి నిలబడి వచ్చేవారు.

ఏ ప్రయాణం మానుకోదగ్గదో, ఏది కాదో మిషనుకి నేర్పాలి. ఆ పని నాకు అప్పజెప్పారు. రెండు జిల్లాల్లో నలభై వేల మందిని అడిగించాను. మా సర్వేవాళ్ళు పొద్దున్నే వీధుల్లో నిలబడి, బండి స్టాండు తీసిన ప్రతి మనిషినీ ఆపి "ఎక్కడికండీ? ఎందుకండీ?" అని అడిగారు. గుమ్మం దాటుతున్న మనిషిని ఎక్కడికని అడక్కూడదని మన వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు. మరీ తెలుసుకోవాలనుంటే పెద్దవాళ్ళు "ఎందాకా?" అని మెల్లిగా అంటారు. మా వాళ్ళేమో నేరుగా మొహాన అడిగేశారు. కొందరు విసుక్కుని మళ్ళీ లోపలికెళ్ళి, కాసేపు కూచుని, మంచినీళ్ళు తాగి బయల్దేరారు. మర్యాదస్థులు "ఇక్కడికేనండీ" అన్నారు. ఎందుకని అడిగితే "ఊరికేనండీ" అన్నారు. నలభై వేల మందిలో పద్నాలుగు వేల మంది ఊరికే వెళ్తున్నారని తేలింది.

"ఈ గడిలో ఇంతమంది ఉన్నారేంటండీ?" అన్నారు ఫణీంద్ర గారు. "దీన్ని ఏమని తీసుకుందాం?"

నేను ఈ నేల మీద పుట్టి పెరిగినదాన్ని. అడగకూడని వేళ అడిగాం కాబట్టి వాళ్ళు జవాబు దాటేశారని నాకు తెలుసు. కానీ ఆ మాట చెప్తే సర్వే మళ్ళీ మొదట్నుంచి చెయ్యాలి. అంటే ఇంకో ఆరు నెలలు, ఇంకో చలికాలం. నాకు ఓపిక లేదు. గర్వం కూడా ఉంది, అంత పెద్ద సర్వే నేనే చేయించానని.

"కారణం లేదని రాసుకుందామండీ" అన్నాను.

అలా మా మిషనుకి తూకం అని పేరు పెట్టి, మొదటి పెట్టెను మోరంపూడి దగ్గర ఒక పెట్రోలు బంకులో బిగించాం. పెట్టె అంటే టిఫిను క్యారేజీ అంత ఉంటుంది, జల్లెడలాంటి మూతి. బండి నంబరు చూసి ఆ బండి ఏడాదిగా ఎక్కడెక్కడ తిరిగిందో తీస్తుంది. ఎందుకు వెళ్తున్నారని గొంతుతో అడుగుతుంది. ఆ గొంతు నాదే. ఆర్టిస్టుని పిలిపిద్దామంటే ఫణీంద్ర గారు, మీ గొంతు బానే ఉందిగా, మీ వైపు యాసలో చెప్పండి అన్నారు.

మొదటి రోజు నేను పక్కనే నిలబడి చూశాను. ఒక వ్యానతను "ఆయ్, పురిటి కేసండి, తొందరగా" అన్నాడు. తెర మీద ధర సగానికి పడింది. వెనకాల మోటారు సైకిలాయన "మా బావమరిది కొత్తిల్లు కట్టాడండి, చూసొద్దామని" అన్నాడు. ధర నాలుగింతలైంది. ఆయన పెట్టెని, పంపునీ, చివరికి నన్నూ చూసి, "ఆడు మటుకు నా ఇల్లు చూడ్డానికొచ్చాడేంటి" అని బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. మేం నవ్వుకున్నాం. అబద్ధం చెప్పినా లాభం లేదు, బండి నిజంగా ఎక్కడికెళ్ళిందో తర్వాత తెలుస్తుంది, తర్వాతసారి ధర ఇంకా పెరుగుతుంది.

దీనికంతటికీ ప్రాణం మాత్రం నేను కనిపెట్టిన నలభై వారాల లెక్క. ఒక మనిషి ఒక ప్రయాణాన్ని వరసగా నలభై వారాలు మానుకుంటే, ఆ తర్వాత ధర తగ్గించినా మళ్ళీ మొదలుపెట్టడు. ఎన్ని ఊళ్ళ లెక్కలు తీసినా ఇదే వచ్చింది. కాబట్టి ధర ఎప్పటికీ పెంచి ఉంచక్కర్లేదు. అలవాటు తెగేదాకా ఉంచితే చాలు. ల్యాబులో దాన్ని చంద్రకళ సూత్రం అనేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా లోపల పొంగిపోయేదాన్ని.

ఏప్రిల్‌కల్లా రెండు జిల్లాల్లో ప్రతి బంకులోనూ తూకం వచ్చింది. ఆ నెల రెండో ఆదివారం అన్నయ్య పదింటికి రాలేదు. పన్నెండున్నరకి వచ్చాడు. అన్నం చల్లారిపోయింది.

"బంకులో నీ గొంతు వినపడిందే" అన్నాడు చెయ్యి కడుక్కుంటూ.

"ఏమంది?"

"ఎందుకు వెళ్తున్నారంది."

"నువ్వేం చెప్పావ్?"

"ఏం చెప్తాను. నా చెప్పులకేసి చూస్తా నించున్నాను. ఎనకాలోళ్ళు హారన్లు కొడతన్నారు. ఆ చెప్పిన ధరే ఇచ్చేసి వచ్చాను."

"కారణం చెప్తే తగ్గేది కదా అన్నయ్యా."

"ఏం కారణం చెప్పమంటావే?" అన్నాడు. ఎదురు తిరిగి అన్నది కాదు. నిజంగానే అడుగుతున్నాడు.

ల్యాబు ఉద్యోగుల ఇంటివాళ్ళకి మినహాయింపు కార్డులిస్తామని ప్రభుత్వం వాళ్ళు ముందే అన్నారు. వద్దని అందరికంటే ముందు సంతకం పెట్టింది నేను. చేసినవాళ్ళమే తప్పించుకుంటే ఊళ్ళోవాళ్ళకి ఏం మొహం చూపిస్తామని నా వాదన. అన్నయ్యకి ఆ సంగతి తెలీదు. తెలిసినా కార్డు కావాలని నోరు తెరిచి అడిగే మనిషి కాదు.

అప్పుడు నేనొక మాట అన్నాను. ఎంత మామూలుగా అన్నానో నాకు బాగా గుర్తు, పెరుగు గిన్నె జరుపుతూ అన్నాను. "నిజంగా పనుంటే రా. లేకపోతే ఫోనుంది కదా. వారం వారం రాకపోతే ఏమైంది?"

"అవునులే" అన్నాడు.

ఆ రోజు అయిదింటిదాకా లేవలేదు. చీకటి పడితే ఇబ్బందని నేనే లేపాను. ఆ తర్వాత రాలేదు. ఆదివారం నడిచే ఒక్క పడవలపేట బస్సుని కూడా తూకం లెక్క చూసి బస్సులవాళ్ళు ఆ నెలలోనే తీసేశారు, అందులో ఎక్కేవాళ్ళందరూ మానుకోదగ్గవాళ్ళేనని.

నవంబరు వచ్చింది. ఒక పొద్దున పుష్కరఘాట్ దగ్గర జనం గుంపుగా నిలబడి ఉంటే ఏమిటోనని వెళ్ళాను. అవతల ఒడ్డు కనిపిస్తోంది. కొవ్వూరు వైపు కొబ్బరి చెట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉన్నాయి. ఒకాయన తన మనవరాల్ని భుజాల మీద ఎక్కించుకుని చూపిస్తున్నాడు. పిల్లల ఆసుపత్రిలో సగం మంచాలు ఖాళీ అయ్యాయి. ఫణీంద్ర గారు ఆ ఖాళీ మంచాల ముందు నిలబడి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. మేం చేసింది చిన్న పని కాదు. ఇప్పటికీ ఆ మాటే అంటాను.

ఇంటికొచ్చి చెప్పుకుందామంటే ఎవరూ లేరు. ఆదివారం కుక్కర్‌లో రెండు గ్లాసుల బియ్యం పోసే అలవాటు పోవడానికి రెండు నెలలు పట్టింది. కంప్యూటరు ముందు కూచుంటే పని చకచకా సాగాలి, గురక పెట్టేవాళ్ళు లేరు కదా. సాగలేదు. గుమ్మం వైపు చూసేదాన్ని. టీవీ పెట్టి సౌండు తగ్గించి ఉంచడం మొదలుపెట్టాను, ఏదో ఒక మనిషి గొంతు ఇంట్లో ఉంటుందని. నలభై మూడేళ్ళ వయసులో ఒంటరితనం అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. అది ఇంత చప్పుడు లేకుండా ఉంటుందని అనుకోలేదు.

నేనే వెళ్ళొచ్చు కదా అంటారు. నా స్కూటరు ఉంది. పెట్రోలు కొనలేనిదాన్ని కూడా కాదు. కానీ ఆ పెట్టె ముందు నిలబడి, నా గొంతే నన్ను ఎందుకని అడిగితే నేనూ కారణం చెప్పలేను. మానుకోదగ్గదని నేనే రాసిన ప్రయాణం నేనే చెయ్యడమేమిటని మొండిపట్టు. ఫోన్ చేసేదాన్ని. "ఎలా ఉన్నావన్నయ్యా?" "బానే ఉన్నానే." "తిన్నావా?" "ఆ." ఆ తర్వాత ఇద్దరికీ మాటలు దొరికేవి కాదు. మా ఇద్దరికీ మాట్లాడుకోవడం ఎప్పుడు చేతనైంది కనక. అతను నిద్రపోయేవాడు, నేను పని చేసుకునేదాన్ని, అదే మా మాట్లాడుకోవడం.

తూకం వచ్చిన నలభై నాలుగో వారంలో రిపోర్టు రాయడానికి ఆరోగ్యశాఖ నుంచి లెక్కలు తెప్పించాను. ఊపిరితిత్తుల జబ్బుతో పోయినవాళ్ళు ఎంత తగ్గారో చూపిస్తే చాలు. చూశాను, బాగా తగ్గారు. ఆ కాగితంలోనే చివరన ఎవరూ చూడని ఒక గడి ఉంది. మనిషి పోయిన రోజుకీ, పోయినట్టు పక్కవాళ్ళకి తెలిసిన రోజుకీ మధ్య ఎన్ని రోజులు. ఒంటరిగా ఉండేవాళ్ళ దగ్గర ఆ గడిలో ఎప్పుడూ సున్నా ఉండేది, మహా అయితే ఒకటి. తూకం వచ్చాక నెలనెలా పెరుగుతూ వచ్చింది. రెండు. మూడు. ఇప్పుడు నాలుగున్నర.

ఆ ఊళ్ళ పేర్లు తీసి, నా సర్వేలో ఊరికే అన్నవాళ్ళ దారుల మీద పెట్టి చూశాను. గీత మీద గీత కూచుంది.

పద్నాలుగు వేల మంది ఏం చేస్తున్నారో ఇప్పుడు అర్థమైంది. ఒక తోటకూర కట్టో, నాలుగు అరటిపళ్ళో సంచిలో వేసుకుని వెళ్తారు. అరుగు మీద కూచుని కరెంటు గురించీ, దోమల గురించీ తిట్టుకుంటారు. ఓరకంటితో పొయ్యి వెలిగిందో లేదో, మాత్రలు అయిపోయాయో ఉన్నాయో చూసుకుంటారు. లేచి వచ్చేస్తారు. నీ మీద బెంగతో వచ్చానని ఎవరూ మొహం మీద చెప్పరు. చెప్తే కీడు శంకించినట్టు ఉంటుందని. అందుకని ఎందుకొచ్చావంటే మాట దాటేస్తారు. నేనూ ఈ మనుషుల్లో దాన్నే. నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది.

ఆ కాగితాలు తీసుకెళ్ళి ఫణీంద్ర గారి బల్ల మీద పెట్టాను. ఆయన రెండుసార్లు చదివారు.

"ఇంతమంది పిల్లలు ఊపిరి పీలుస్తున్నారు చంద్రకళ గారూ" అన్నారు చివరికి. "వీళ్ళు ఎలాగూ పోయినవాళ్ళు. నా మాట కటువుగా ఉంటుంది గానీ, ఒకటో రోజు తెలిస్తే ఏమిటి, అయిదో రోజు తెలిస్తే ఏమిటి?"

"పోయినవాళ్ళకి ఏమీ లేదండీ. పోయాక నాలుగు రోజులు ఎవరూ రాలేదంటే, పోకముందు నాలుగు నెలలు కూడా ఎవరూ రాలేదనే కదా."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "సరే, వీటికి మినహాయింపు ఇద్దాం. చూడ్డానికి వెళ్తున్నామని పెట్టెకి చెప్తే ధర తగ్గిస్తుంది."

"చెప్పరండీ. చచ్చినా చెప్పరు."

"మరి?"

"నెలకి నాలుగు ప్రయాణాలు మామూలు ధరకి వదిలెయ్యండి. ఎందుకని అడగొద్దు. ఎక్కడికని కూడా అడగొద్దు."

"సినిమాలకెళ్తారు."

"వెళ్ళనివ్వండి" అన్నాను. "మిగతా వాటికి ధర ఎంత పెంచుకున్నా పెంచుకోండి."

ఒప్పించడానికి అయిదు వారాలు పట్టింది. పైవాళ్ళ దగ్గర ఆయనే నా తరఫున మాట్లాడారు, ఆ మాట ఒప్పుకోవాలి. మార్చి మొదటి తారీఖున నాలుగు ప్రయాణాలూ వదిలేశారు. పెట్టెలో నా గొంతు తీసేశారు. ఆ సాయంత్రం అన్నయ్యకి ఫోన్ చేశాను.

"ఇప్పుడేం అడగదన్నయ్యా. ధర కూడా మామూలే. బస్సు కూడా మళ్ళీ వేస్తారట."

"అవునా. మంచిదేగా."

"ఆదివారం వస్తావా?"

"చూద్దాంలే."

ఆ ఆదివారం రెండు గ్లాసుల బియ్యం పోశాను. గుమ్మం పక్కన ఊడ్చి చాప కూడా తీసిపెట్టాను. రాలేదు. తర్వాత వారమూ రాలేదు. నెలాఖరుకి లెక్కలొచ్చాయి. ఆ నాలుగు ప్రయాణాలనీ వందకి తొమ్మిది మంది వాడుకున్నారు. ఆ తర్వాత నెల ఏడుగురు. రోడ్లున్నాయి, బండ్లున్నాయి, అడిగే నోరు లేదు, అయినా జనం కదల్లేదు.

"మీ సూత్రం తప్పలేదు" అన్నారు ఫణీంద్ర గారు మెల్లిగా. అభినందించారో ఓదార్చారో తెలీలేదు.

మే నెల మొదటి ఆదివారం నేనే బయల్దేరాను. బంకులో పెట్టె నోరెత్తలేదు. గోదావరి లంకల మీదుగా రోడ్డంతా ఖాళీ. ఇంతకుముందు ఆదివారమొస్తే ఈ దారిలో బండి మీద మొగుడూ పెళ్ళాం, మధ్యలో పిల్ల, ఒళ్ళో సంచీ, ఇలాంటివాళ్ళు వరసగా ఎదురయ్యేవాళ్ళని అన్నయ్య చెప్పేవాడు. నాకు తొంభై కిలోమీటర్లలో పాల వ్యాను ఒకటీ, రెండు లారీలూ ఎదురయ్యాయి. గాలి మాత్రం హాయిగా ఉంది.

అన్నయ్య ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింట్లో ఒకామె చేపలు ఎండబెడుతోంది. పేరు ఏసమ్మట.

"సత్తిరాజు గారాండీ? ఇంటికాడ ఎక్కడుంటారండీ, ఎప్పుడూ ఐసు ఫ్యాక్టరీలోనేనండి. ఆదివారాలు కూడా అక్కడేనండి" అంది. నన్ను ఎగాదిగా చూసి, "మీరేమవుతారండీ?" అంది.

"చెల్లెల్ని."

"ఆయ్, చెల్లెలుగారున్నారా? మేం నిరుడే ఈ ఇంట్లో దిగామండి. ఆయన ఎప్పుడూ చెప్పలేదండి."

ఐసు ఫ్యాక్టరీ రేవు పక్కన పెద్ద రేకుల షెడ్డు. తలుపు తీయగానే చల్లగాలీ, అమ్మోనియా ఘాటూ మొహానికి కొట్టాయి. లోపల కంప్రెసరు నడుస్తోంది. దాని చప్పుడికి నేల సన్నగా అదురుతోంది. అన్నయ్య ఏదో బోల్టు తుడుస్తూ తలెత్తి, నన్ను చూసి గబగబా లేచాడు. చిక్కిపోయాడు. గడ్డం తెల్లబడింది.

"ఏంటే కళా, ఏమైంది? ఏం పనిమీదొచ్చావు?" అన్నాడు.

మా అన్నయ్య నన్ను అడగాల్సిన మాట కాదది. "ఏం లేదన్నయ్యా. నిన్ను చూద్దామని వచ్చాను" అన్నాను. అతను ఇంకా కంగారుపడ్డాడు. "ఒంట్లో బానే ఉంది కదా? ఆసుపత్రికేమైనా ఎళ్ళావా?" అని రెండుసార్లు అడిగాడు. లేదని చెప్పాక కాస్త కుదుటపడ్డాడు. ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి తువ్వాలుతో తుడిచి వేశాడు. బయటికెళ్ళి కూల్‌డ్రింకు సీసా తెచ్చి, స్టీలు గ్లాసులో పోసి, కింద ప్లేటు పెట్టి ఇచ్చాడు. ఇంటికొచ్చిన ఆఫీసరుకి ఇచ్చినట్టు ఇచ్చాడు.

"నా మీద కోపమొచ్చిందా అన్నయ్యా?"

"కోపమేంటే పిచ్చిదానా." కింద గోనెపట్టా మీద కూచున్నాడు. "మొదట్లో ఆదివారం పొద్దున్నే లేచి చొక్కా ఏసుకుని కూచునేవోణ్ణి. బంకుదాకా ఎళ్ళేవోణ్ణి కూడా. అక్కడ నీ గొంతు అడిగేది. అచ్చం నువ్వే అడుగుతున్నట్టుండేది. ఏం చెప్పాలో తెలీక వచ్చేసేవోణ్ణి. కొన్నాళ్ళకి ఎళ్ళడం మానేశాను. తర్వాత చొక్కా ఏసుకోడం కూడా మానేశాను."

"ఇప్పుడు చెప్పు. ఎందుకొచ్చేవాడివి?"

బోల్టు మళ్ళీ అందుకున్నాడు. "నాగవేణి పోయాక ఇంట్లో నిద్ర పట్టేది కాదే. కళ్ళు మూస్తే చాలు, ఖాళీ ఇల్లంతా చెవిలో మోగేది. మీ ఇంటికాడైతే నువ్వు అటూ ఇటూ తిరుగుతావు, గిన్నెలు సర్దుతావు, ఆ కంప్యూటరు టకటకా కొడతావు. మనిషి అలికిడి ఉంటది. వారానికి ఆ నాలుగ్గంటలే పడుకునేవోణ్ణి."

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. అతను ఏం చెయ్యాలో తెలియక గ్లాసు నా దగ్గరికి జరిపాడు.

"ఇప్పుడు బానే ఉందే, నువ్వేం బెంగెట్టుకోకు" అన్నాడు. "ఈ కంప్రెసరు పక్కన పడుకుంటే నిద్ర పడతంది. ఓనరు కూడా ఏమనడు, కాపలా ఉన్నట్టుంటదని."

"వచ్చే ఆదివారం ఇంటికి రా అన్నయ్యా. ఇప్పుడెవరూ అడగరు."

"వస్తాలే" అన్నాడు. రానివాళ్ళు అనే వస్తాలే అది. నాకు ఆ తేడా తెలుసు.

మధ్యాహ్నం ఏసమ్మ పంపిన చేపల పులుసుతో ఇద్దరం తిన్నాం. అతనికి కళ్ళు మూతలు పడుతున్నాయి, నా ముందు పడుకోవడానికి మొహమాటపడుతున్నాడు. "పడుకో, నేనిక్కడే ఉంటాను" అన్నాను. గోనెపట్టా మీద, కంప్రెసరుకి వీపు ఆనించుకున్నంత దగ్గరగా పడుకున్నాడు. రెండు నిమిషాల్లో గురక మొదలైంది. ఏడాదిగా నేను వినని చప్పుడు అది. కుర్చీ దగ్గరగా జరుపుకుని కూచున్నాను. సంచిలోంచి పుస్తకం తీసి, కావాలనే గట్టిగా పేజీలు తిప్పాను. కాలు కదిపాను. గ్లాసు తీసి మళ్ళీ పెట్టాను.

మూడింటికి కరెంటు పోయింది. ఆదివారం ఐసు అమ్మకం లేదు కాబట్టి జనరేటరుకి డీజిలు పొయ్యరు. కంప్రెసరు మూలిగి, నెమ్మదించి, ఆగిపోయింది. షెడ్డంతా నిశ్శబ్దమైపోయింది. అన్నయ్య కళ్ళు తెరిచాడు.

"నేనున్నాను అన్నయ్యా. పడుకో" అన్నాను.

"ఆ, ఆ" అని నా మాట కాదనలేక కళ్ళు మూసుకున్నాడు. నేను లేచి షెడ్డులో అటూ ఇటూ నడిచాను. చెప్పులు నేలకి రాసుకునేట్టు నడిచాను. మూలనున్న గిన్నెలు కడిగి, తుడిచి, ఒకదాంట్లో ఒకటి చప్పుడయ్యేట్టు సర్దాను. మధ్యమధ్యలో అతని వైపు చూశాను. గురక లేదు. మూసిన రెప్పల కింద కళ్ళు కదులుతూనే ఉన్నాయి. నేను బాధపడతానని నిద్రపోతున్నట్టు పడుకున్నాడు.

ఇరవై నిమిషాలకి కరెంటు వచ్చింది. కంప్రెసరు దడదడమని మొదలై, కాసేపటికి మామూలు చప్పుడులో పడింది. అప్పుడు నిద్రపోయాడు.